పీజీ, పీహెచ్‌డీ చదువుకు తేలికపాటి బిజినెస్ ల్యాప్‌టాప్: కాన్ఫిగరేషన్ ఎంపికకు సమగ్ర మార్గదర్శి

విజయవాడ గవర్నర్‌పేటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో ఒక ల్యాప్‌టాప్ దుకాణానికి వెళ్లి పీజీ చదువుకు పనికొచ్చేది చూపించమని అడిగితే, మాట సాధారణంగా ప్రాసెసర్ పేరుతో మొదలై డిస్కౌంట్ దగ్గర ముగుస్తుంది. ఎంటెక్, ఎంబీఏ, ఎమ్మెస్సీ విద్యార్థికి ఆ యంత్రం కనీసం రెండేళ్లు, పరిశోధక విద్యార్థికి అయిదేళ్లు ప్రతిరోజూ పని చేసి పెట్టాలి. అన్నేళ్లలో మనిషిని ఇబ్బంది పెట్టేవి ప్రాసెసర్ పేరులో కనబడవు. మదర్‌బోర్డుకు అతికించేసిన ర్యామ్, పగటి వెలుతురులో అక్షరాలు సరిగా ఆనని స్క్రీన్, చెడిపోతే ఇంటికి మనిషి రాని వారంటీ, రోజూ భుజాన్ని లాగేసే బరువు, ఇవే ఇబ్బంది పెడతాయి.

అందుచేత ఈ మార్గదర్శి అంతటా ఒకే సూత్రాన్ని పాటించాను. కొన్న తరువాత మార్చుకోవడానికి వీలులేని వాటికి డబ్బు ముందుగా కేటాయించాలి. తరువాత మార్చుకోగలిగిన వాటికి, కళాశాలలోనో ఇంటర్నెట్‌లోనో ఉచితంగా దొరికే వాటికి చివర్లో కేటాయించాలి. ఈ వరుస తప్పితే లక్ష రూపాయలు పెట్టినా చదువుకు సరిపడని యంత్రం ఇంటికి వస్తుంది. వరుస పాటిస్తే అంతకంటే తక్కువలోనే చదువు పూర్తయ్యే దాకా నిలిచేది దొరుకుతుంది.

బిజినెస్ ల్యాప్‌టాప్ అంటే వ్యాపారం చేసేవారి ల్యాప్‌టాప్ అని కాదు. కంపెనీలు ఉద్యోగుల కోసం వందల సంఖ్యలో కొనే తరగతి అది. లెనోవో థింక్‌ప్యాడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్, ప్రోబుక్, డెల్ లాటిట్యూడ్ ఈ తరగతికి చెందుతాయి. లాటిట్యూడ్ పేరును డెల్ 2025లో డెల్ ప్రోగా మార్చింది. థింక్‌ప్యాడ్‌ను 1992లో ఐబీఎం ప్రవేశపెట్టగా, 2005లో ఆ వ్యాపారాన్ని లెనోవో కొన్నది. ఈ తరగతిలో కీబోర్డు మంచిది ఉంటుంది, విడిభాగాలు కొన్నేళ్ల పాటు దొరుకుతాయి, యంత్రాన్ని ఎలా విప్పాలో చెప్పే మాన్యువల్‌ను కంపెనీయే బహిరంగంగా పెడుతుంది, ఇంటికే వచ్చి బాగు చేసే వారంటీని ఎంచుకోవచ్చు. విద్యార్థికి ఈ నాలుగూ అవసరమే.

మొదటి మెట్టు: మీ చదువు యంత్రాన్ని ఏమడుగుతుందో కాగితం మీద రాయండి

దుకాణానికి వెళ్లే ముందు మీ విభాగంలో రెండో ఏడాది చదువుతున్న ఇద్దరిని, వీలైతే మీ గైడ్‌ను అడిగి, వారు వాడే సాఫ్ట్‌వేర్ల పేర్లన్నీ రాసుకోండి. ఎంబీఏ, ఎంకామ్ వారికి ఎక్సెల్, పవర్‌పాయింట్, ఎస్‌పీఎస్‌ఎస్ వంటివి వస్తాయి. గణాంక శాస్త్రం, అర్థశాస్త్రం వారికి ఆర్, స్టాటా, పైథాన్ వస్తాయి. సివిల్, మెకానికల్ ఎంటెక్ వారికి ఆటోక్యాడ్, అన్సిస్, మ్యాట్‌ల్యాబ్ వస్తాయి. భూగోళం, వ్యవసాయం, ప్రణాళికా విభాగాల వారికి ఆర్క్‌జీఐఎస్ లేదా క్యూజీఐఎస్ వస్తుంది. తెలుగు ఎంఏ, పీహెచ్‌డీ వారు యూనికోడ్‌లో రాసినా, పుస్తక ముద్రణ, డీటీపీ పనుల్లో ఇప్పటికీ అను ఫాంట్లు నడుస్తున్నాయి కాబట్టి వారికి ఆ ఫైళ్లు తెరిచే అవసరం పడుతుంది.

ఈ జాబితా చేతిలో ఉంటే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రశ్న వెంటనే తేలిపోతుంది. ఆర్క్‌జీఐఎస్ ప్రో విండోస్ మీదే నడుస్తుంది, మ్యాక్ మీద నేరుగా నడవదు. అను ఫాంట్లను నడిపే అను స్క్రిప్ట్ మేనేజర్‌కూ విండోసే కావాలి. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్‌తో వచ్చే విండోస్ ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ విషయంలో చాలా బాగుంటాయి కానీ, ప్రయోగశాల పరికరాలకు కలిపే పాత డ్రైవర్లు వాటి మీద పని చేయకపోవచ్చు. మీ జాబితాలో ఇలాంటివి ఒక్కటైనా ఉంటే ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ ప్రాసెసర్ ఉన్న విండోస్ యంత్రానికే పరిమితం కండి. జాబితాలో ఇవేవీ లేకపోతే మ్యాక్‌బుక్ ఎయిర్‌ను కూడా నిస్సంకోచంగా పరిశీలించవచ్చు. 2024 అక్టోబరు నుంచి దాని ప్రారంభ నమూనాలోనూ 16 జీబీ మెమరీ ఇస్తున్నారు.

రెండో మెట్టు: బరువు

కొలత 14 అంగుళాల దగ్గర ఆగడం మంచిది. 13 అంగుళాల మీద రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చదవడం కష్టం, 15.6 అంగుళాలది మోయడం కష్టం. 14 అంగుళాల బిజినెస్ యంత్రాలు చాలావరకు 1.3 నుంచి 1.5 కిలోల మధ్య ఉంటాయి. థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ వంటి పైస్థాయివి దాదాపు 1.1 కిలోలకే దొరుకుతాయి కానీ ధర సాధారణంగా లక్షన్నర దాటిపోతుంది. బరువు చూసేటప్పుడు చార్జర్‌ను కూడా కలిపి చూడాలి. యూఎస్‌బీ టైప్-సి ద్వారా చార్జ్ అయ్యే యంత్రమైతే చిన్న 65 వాట్ల చార్జర్ ఒక్కటే ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ సరిపోతుంది.

గుంటూరు బస్టాండులో ఎక్కి నిలబడి నాగార్జున నగర్ దాకా వెళ్లే విద్యార్థికి, విజయవాడ నుంచి వడ్డేశ్వరమో నీరుకొండో రోజూ వెళ్లి వచ్చేవారికి అరకిలో తేడా చిన్నది కాదు. హాస్టల్‌లో ఉండి గదికీ లైబ్రరీకీ మధ్య మాత్రమే తిరిగేవారు 1.5 కిలోల దగ్గర ఆగి, మిగిలిన డబ్బును ర్యామ్‌కు మళ్లించుకోవచ్చు.

మూడో మెట్టు: ర్యామ్, అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసింది

ర్యామ్ విషయంలో ఎన్ని జీబీలన్నది రెండో ప్రశ్న. అది అతికించినదా, స్లాట్‌లో పెట్టినదా అన్నది మొదటి ప్రశ్న. సన్నటి యంత్రాల్లో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే సోల్డర్ చేసేస్తారు. దాని పేరు ఎల్‌పీడీడీఆర్5 లేదా ఎల్‌పీడీడీఆర్5ఎక్స్ అని ఉంటుంది. ఆ పేరు కనబడితే తరువాత పెంచుకోవడం కుదరదనే భావించాలి. డీడీఆర్5 సోడిమ్ (విడిగా తీసి పెట్టగలిగే ర్యామ్ స్టిక్) అని ఉంటే స్లాట్ ఉన్నట్లు. కొన్ని నమూనాల్లో సగం అతికించి, సగానికి స్లాట్ ఇస్తారు. థింక్‌ప్యాడ్ టీ14 నాలుగో తరం ఇంటెల్ నమూనా అలాంటిదే. అదే టీ14 అయిదో తరం ఇంటెల్ నమూనాలో రెండు స్లాట్లూ ఇచ్చారు. ఒకే పేరు మీద ఒక్క ఏడాది తేడాతో ఇంత మార్పు వచ్చింది కాబట్టి, నిరుడు మిత్రుడు కొన్న యంత్రాన్ని బట్టి ఈ ఏటి యంత్రం గురించి నిర్ణయానికి రాకూడదు.

ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ వరుసలో ర్యామ్ ప్రాసెసర్ ప్యాకేజీలోనే కూర్చుని ఉంటుంది. 16 లేదా 32 జీబీ తప్ప మరో అవకాశం లేదు. ఆ రెండింటిలో ఏదో తెలుసుకోవడానికి ప్రాసెసర్ సంఖ్య చాలు. 226వీ, 256వీ అని చివరి అంకె 6 ఉంటే 16 జీబీ. 228వీ, 258వీ అని 8 ఉంటే 32 జీబీ.

ఇప్పుడు ఎంత కావాలో చూద్దాం. అర్థశాస్త్ర విద్యార్థి ఒక పెద్ద సర్వే డేటాను ఆర్‌లో తెరిచాడనుకోండి. ఆర్ సాధారణంగా డేటా మొత్తాన్ని ర్యామ్‌లోకి తెచ్చుకుని పని చేస్తుంది, ఒక్కో దశాంశ సంఖ్యకు 8 బైట్లు తీసుకుంటుంది. కోటి అడ్డు వరుసలు, 20 నిలువు వరుసలు ఉన్న పట్టికలో 20 కోట్ల సంఖ్యలుంటాయి కాబట్టి 160 కోట్ల బైట్లు, అంటే 1.6 జీబీ పడుతుంది. ఇంతేకదా అనిపిస్తుంది. కానీ వరుసలు వడకట్టేటప్పుడు, మరో పట్టికతో కలిపేటప్పుడు, మోడల్ వేసేటప్పుడు అదే పట్టికకు మధ్యలో నకళ్లు తయారవుతాయి. మూడు నకళ్లు ఒకేసారి నిలిస్తే దాదాపు 5 జీబీ. దీనికి తోడు విండోస్ 11, దాని వెనుక నడిచేవి కలిపి 4 జీబీ వరకు తీసుకుంటాయి. జర్నల్ వ్యాసాలు తెరిచిన బ్రౌజర్ 3 జీబీ వరకు వెళ్లగలదు. వేరే గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రాల్లో స్క్రీన్ పని కూడా ఈ ర్యామ్‌లోంచే జరుగుతుంది. మొత్తం 13 జీబీ ప్రాంతానికి చేరింది, ఇంకా వర్డ్, రిఫరెన్సులు దాచుకునే జోటెరో తెరవనే లేదు.

కాబట్టి 8 జీబీని ఈ రోజు పీజీ చదువుకు పరిగణించవద్దు. రాయడం, చదవడం, ఎక్సెల్, ప్రెజెంటేషన్లు ప్రధానమైన వారికి 16 జీబీ సరిపోతుంది. డేటా విశ్లేషణ, సిమ్యులేషన్, వర్చువల్ మెషీన్లు, పెద్ద మ్యాపులు ఉన్నవారికి 32 జీబీ కావాలి. అతికించిన ర్యామ్ ఉన్న యంత్రమైతే మొదటి రోజే 32 తీసుకోండి. స్లాట్ ఉన్న యంత్రమైతే 16తో మొదలుపెట్టవచ్చు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, అందువల్ల తరువాత చౌకగా వేసుకుందామన్న పాత సలహాను కళ్లు మూసుకుని పాటించవద్దు. కొనే రోజున కంపెనీ 16 నుంచి 32కు ఎంత అదనంగా అడుగుతోందో, విడిగా 16 జీబీ స్టిక్ దుకాణంలో ఎంతకు ఇస్తున్నారో పక్కపక్కన రాసుకుని పోల్చండి.

స్లాట్లున్న యంత్రంలో ఒక్క 16 జీబీ స్టిక్ పెట్టి రెండో స్లాట్ ఖాళీగా వదిలేస్తే ప్రాసెసర్ గ్రాఫిక్స్ కొంత నెమ్మదిస్తుంది. రెండో స్టిక్ వేసిన రోజున అది సర్దుకుంటుంది. రెండు 8 జీబీలు పెట్టినదైతే ఇప్పుడు వేగంగానే ఉంటుంది కానీ, రేపు పెంచాలంటే ఉన్న రెండూ తీసి పారేయాలి. నేనైతే ఒక్క స్టిక్ ఉన్నదాన్నే తీసుకోమంటాను.

నాలుగో మెట్టు: స్క్రీన్

స్క్రీన్‌ను కొన్న తరువాత మార్చేవారు దాదాపు ఉండరు, రోజంతా కళ్లు దాని మీదే ఉంటాయి. అయినా బడ్జెట్ తగ్గించాలనుకున్నప్పుడు అందరూ ముందు కోత పెట్టేది దీనికే.

1920×1200 చుక్కల స్క్రీన్, అంటే 16:10 నిష్పత్తి, చదువుకు బాగా కుదురుతుంది. పాత 1920×1080తో పోలిస్తే నిలువుగా 120 చుక్కలు అదనంగా వస్తాయి. ఏ4 పేజీలో మరికొన్ని పంక్తులు కనబడతాయి. తెలుగు చదివేవారికి ఇది ఇంకొంచెం ముఖ్యం. ఇంగ్లిష్ అక్షరాలకు లేని గుడులు పైనా, వత్తులు కిందా మన అక్షరాలకు ఉంటాయి కాబట్టి, చుక్కలు పలచగా ఉన్న స్క్రీన్ మీద చిన్న అక్షరాల్లో క్రావడి, వట్రుసుడి ఒకటిగా కనబడతాయి. 14 అంగుళాల్లో 1366×768 అయితే అంగుళానికి సుమారు 112 చుక్కలు, 1920×1200 అయితే 162. పాత యంత్రాలు చూసేటప్పుడు తెలుగు పీడీఎఫ్ ఒకటి తెరిచి పరీక్షిస్తే తేడా అక్కడికక్కడే తెలిసిపోతుంది.

వెలుతురును నిట్స్‌లో చెబుతారు. తక్కువ ధర నమూనాల్లో 300 నిట్స్, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటుంది (ఎన్‌టీఎస్‌సీ, ఎస్‌ఆర్‌జీబీ అనేవి స్క్రీన్ ఎంత మేర రంగులు చూపగలదో చెప్పే కొలతలు). గదిలో కూర్చుని పని చేసుకోవడానికి ఇది చాలు. వరండాలో, కిటికీ పక్కన, రైల్లో చాలదు, రంగులు కూడా వెలిసినట్లు ఉంటాయి. 400 నిట్స్, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, తక్కువ కరెంటు వాడేది అనే మూడు మాటలూ కలిసిన స్క్రీన్ దొరికితే ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగి అయినా దాన్ని తీసుకోండి. మ్యాపులు, జీవశాస్త్ర చిత్రాలు చూసేవారికి ఇది తప్పనిసరి. 2880×1800 ఓఎల్ఈడీ చూడటానికి అందంగా ఉంటుంది కానీ బ్యాటరీని త్వరగా తాగేస్తుంది. టచ్ స్క్రీన్ చేతిరాత నోట్సు రాసేవారికి తప్ప ఇతరులకు బరువు, ఖర్చు మాత్రమే పెంచుతుంది.

అయిదో మెట్టు: ప్రాసెసర్, గ్రాఫిక్స్

ప్రాసెసర్‌లో i5 స్థాయి, అంటే ఇంటెల్ కోర్ అల్ట్రా 5 లేదా ఏఎమ్‌డీ రైజెన్ 5, పీజీ పనుల్లో అత్యధిక భాగానికి సరిపోతుంది. తేలికపాటి సన్నటి యంత్రంలో పైస్థాయి ప్రాసెసర్ పెట్టినా, వేడెక్కినప్పుడు వేగం తగ్గించుకుంటుంది కాబట్టి ఇచ్చిన డబ్బుకు తగ్గ వేగం రాదు. సంఖ్య చివర యూ ఉంటే సుమారు 15 వాట్ల తరగతి, హెచ్ ఉంటే 28 నుంచి 45 వాట్ల తరగతి. సిమ్యులేషన్ చేసేవారు హెచ్ చూడవచ్చు, మిగిలినవారికి యూ లేదా వీ మేలు.

పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. కొత్త సంఖ్యతో పాత చిప్‌ను అమ్మడం రెండు కంపెనీలూ చేస్తాయి. రైజెన్ 7000 వరుసలో మూడో అంకె అసలు తరాన్ని (ఏఎమ్‌డీ దాన్ని జెన్ అంటుంది) చెబుతుంది: 7520యూ జెన్ 2, 7530యూ జెన్ 3, 7540యూ జెన్ 4. సంఖ్యలు పక్కపక్కనే ఉన్నా వాటి మధ్య ఏళ్ల తేడా ఉంది. ఇంటెల్‌లో కోర్ 5 120యూ పాత నిర్మాణానిది, కోర్ అల్ట్రా 5 125యూ దాని తరువాతి నిర్మాణానిది. వీప్రో అనే గుర్తు కంపెనీల ఐటీ విభాగం దూరం నుంచి యంత్రాలను నిర్వహించుకోవడానికి ఉద్దేశించినది. దానికి విద్యార్థి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వనక్కర లేదు. ఏఐ పీసీ అన్న స్టిక్కర్ కోసం కూడా ఇప్పుడు అదనంగా చెల్లించవద్దు.

డీప్ లెర్నింగ్ చదివేవారు ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్ వైపు వెళ్తుంటారు. రెండు కిలోలు దాటే ఆ యంత్రంలో సాధారణంగా 4 నుంచి 8 జీబీ గ్రాఫిక్స్ మెమరీ ఉంటుంది; పాఠం నేర్చుకోవడానికి అది చాలు, పరిశోధన స్థాయి మోడళ్లకు అదీ చాలదు. నేర్చుకునే దశకు గూగుల్ కొలాబ్, క్యాగిల్ ఉచితంగా గ్రాఫిక్స్ ప్రాసెసర్ ఇస్తాయి, ఆ తరువాతి దశకు చాలాచోట్ల విశ్వవిద్యాలయ సర్వరు ఉంటుంది. మీ చేతిలోని యంత్రం అప్పుడు ఆ సర్వరుకు కిటికీ మాత్రమే. అన్సిస్‌లో పెద్ద మెష్‌లు కూడా అంతే, ల్యాబ్‌లోని వర్క్‌స్టేషన్ మీద రాత్రంతా నడపవలసినవి. ప్రవేశం తీసుకున్న వెంటనే మీ విభాగంలో అలాంటి యంత్రాలు ఉన్నాయా, విద్యార్థులకు ఏ వేళల్లో ఇస్తారు అని కనుక్కోండి. నిజంగా లేవని తేలితేనే గ్రాఫిక్స్ కార్డు గురించి ఆలోచించండి.

స్టోరేజీ గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ చాలు. బిజినెస్ యంత్రాల్లో అది దాదాపు ఎప్పుడూ విప్పి మార్చగలిగేదే. కాకపోతే పొడవు 2280 సైజుదా, పొట్టి 2242 సైజుదా అన్నది చూసి పెట్టుకోండి, పొట్టిదానికి విడిగా దొరికే రకాలు తక్కువ.

ఆరో మెట్టు: బ్యాటరీ, మన ఎండలు

ఒకే నమూనాకు చిన్న బ్యాటరీ, పెద్ద బ్యాటరీ అని రెండు ఎంపికలు ఉండటం మామూలే. 47 వాట్ అవర్, 57 వాట్ అవర్ అనుకుందాం. చదవడం, రాయడం చేస్తున్నప్పుడు యంత్రం సగటున 7 వాట్లు వాడితే మొదటిది ఆరున్నర గంటలకు పైగా, రెండోది ఎనిమిది గంటలు నిలుస్తుంది. బ్యాటరీ సామర్థ్యం ఏటా కొంత తగ్గుతుంది కాబట్టి, రెండో ఏడాది చివర కూడా ఉదయం క్లాసు నుంచి సాయంత్రం లైబ్రరీ దాకా రావాలంటే పెద్దదే తీసుకోవాలి. ఈ తేడాకు కంపెనీలు అడిగేది సాధారణంగా చిన్న మొత్తమే. విమానంలో ప్రత్యేక అనుమతి అవసరం లేకుండా చేతి సంచిలో తీసుకువెళ్లగల బ్యాటరీ పరిమితి 100 వాట్ అవర్లు, ఈ యంత్రాలన్నీ దానికి లోబడే ఉంటాయి.

విజయవాడలో, గుంటూరులో కొనేవారు స్పెసిఫికేషన్ పత్రంలో ఇంకొక పంక్తి చూడాలి. చాలా ల్యాప్‌టాప్‌లకు పని చేసే ఉష్ణోగ్రత గరిష్ఠంగా 35 డిగ్రీలని రాసి ఉంటుంది. మన దగ్గర మే నెలలో మధ్యాహ్నం 40 దాటడం మామూలు, కొన్ని రోజులు 45 దాకా వెళ్తుంది. యంత్రం వెంటనే చెడిపోదు గానీ, ఫ్యాను ఆగకుండా తిరుగుతుంది, వేగం పడిపోతుంది, అన్నిటికంటే ముఖ్యంగా బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. నిండుగా చార్జ్ అయి వేడిలో ఉన్న లిథియం బ్యాటరీ త్వరగా అరిగిపోతుంది. కాబట్టి ఎక్కువసేపు ప్లగ్‌లోనే ఉంచేవారు 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే ఏర్పాటును ఆన్ చేసుకోవాలి. బిజినెస్ యంత్రాల్లో దాదాపు అన్నిటిలో ఇది ఉంటుంది. పరుపు మీద, దిండు మీద పెట్టి వాడితే గాలి లోపలికి వెళ్లే రంధ్రాలు మూసుకుపోతాయి. స్కూటీ డిక్కీలో పెట్టి ఎండలో వదిలేయడం అసలు పనికిరాదు. పెద్ద సిమ్యులేషన్ ఉంటే రాత్రికి పెట్టుకోండి. కొన్ని నమూనాల్లో వేడి గాలి కుడివైపు, సరిగ్గా మౌస్ పట్టుకునే చేతి మీదికి వస్తుంది. దుకాణంలో ఆ రంధ్రం ఎటు ఉందో ఒకసారి చూడండి.

కరెంటు పోయే వేళల్లో 65 వాట్ల చార్జర్ ఇంటి ఇన్వర్టర్‌కు బరువు కాదు. 200 వాట్ల ప్రాంతంలో ఉండే గేమింగ్ ల్యాప్‌టాప్ అడాప్టర్ మాత్రం ఫ్యాన్లు నడవాల్సిన బ్యాకప్‌ను తినేస్తుంది.

ఏడో మెట్టు: వారంటీ

దీనికి స్క్రీన్ తరువాతి స్థానం ఇస్తాను. బిజినెస్ ల్యాప్‌టాప్ కొని ఒక ఏడాది క్యారీ-ఇన్ వారంటీతో సరిపెట్టుకుంటే ఆ తరగతి ఇచ్చే సౌకర్యాల్లో సగం వదులుకున్నట్లే. క్యారీ-ఇన్ అంటే యంత్రాన్ని మీరే సర్వీస్ సెంటర్‌కు మోసుకెళ్లి, బాగయ్యేదాకా అక్కడ వదిలేయాలి. ఆన్‌సైట్ అంటే ఇంజినీరు విడిభాగంతో మీ దగ్గరికి వస్తారు. థీసిస్ సమర్పించవలసిన నెలలో ఈ రెండింటి మధ్య తేడా ఎంతటిదో చెప్పనక్కర లేదు.

మూడేళ్ల ఆన్‌సైట్ తీసుకోండి. కొనేటప్పుడు డబ్బు చాలకపోతే, మొదటి వారంటీ ముగిసేలోపు పొడిగించుకునే వీలు చాలా కంపెనీలు ఇస్తాయి. మీరు ఉండే చోటి పిన్‌కోడ్‌కు ఆన్‌సైట్ సేవ ఉందా అని కొనకముందే రాతపూర్వకంగా అడగండి. విజయవాడ లబ్బీపేటలో ఉన్నవారికి ఇబ్బంది ఉండకపోవచ్చు; వడ్లమూడి, ఇనవోలు, నీరుకొండ వైపు హాస్టళ్లలో ఉండేవారు తప్పక అడగాలి. ప్రధాన వారంటీ మూడేళ్లున్నా బ్యాటరీకి ఒక ఏడాదే ఉండటం మామూలు. కిందపడటం, నీళ్లు ఒలకడం సాధారణ వారంటీలోకి రావు, వాటికి ప్రమాద నష్ట రక్షణ పేరుతో విడిగా ఉంటుంది. రోజూ బస్సులో తిరిగేవారు దాన్ని కూడా తీసుకుంటే మంచిది.

ఎనిమిదో మెట్టు: లేబుల్ చదివి, ఎక్కడ కొనాలో తేల్చుకోవడం

దుకాణంలో పెట్టె మీద ఇలాంటి వరుస ఉంటుంది: అల్ట్రా 5 125యూ, 1×16 జీబీ డీడీఆర్5 5600 సోడిమ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఎం.2 2242, 14 అంగుళాల డబ్ల్యూయూఎక్స్‌జీఏ ఐపీఎస్ 300 నిట్స్ 45 శాతం ఎన్‌టీఎస్‌సీ, 47 వాట్ అవర్, విండోస్ 11 హోమ్, 1 వై ఆన్‌సైట్. డబ్ల్యూయూఎక్స్‌జీఏ అంటే 1920×1200, ఐపీఎస్ అంటే పక్కల నుంచి చూసినా రంగులు పెద్దగా మారని స్క్రీన్ రకం, 1 వై అంటే ఒక ఏడాది. మిగిలినది ఇప్పటిదాకా చెప్పినదాన్ని బట్టి చదవగలరు. ప్రాసెసర్ చాలు. 1×16 సోడిమ్ అంటే ఒక్క స్టిక్, రెండో స్లాట్ ఉంటే తరువాత 32 చేసుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీ పొట్టిది కానీ మార్చగలిగేదే. వారంటీ పొడిగించుకోవచ్చు. తరువాత తేలిగ్గా సరిదిద్దుకోలేని లోపాలు రెండు: స్క్రీన్, బ్యాటరీ. గదిలోనే వాడేవారైతే ధర చూసి తీసుకోవచ్చు, రోజూ బయట తిరిగేవారైతే వదిలేయాలి.

ఒకే పేరుతో పది రకాల కాన్ఫిగరేషన్లు ఉంటాయి కాబట్టి పేరును కాదు, పూర్తి మోడల్ నంబరును అడిగి ఫోనులో ఫొటో తీసుకోండి. లెనోవోకు పీఎస్‌రెఫ్, హెచ్‌పీకి క్విక్‌స్పెక్స్ అనే అధికారిక వివర పత్రాలు ఉన్నాయి. ఆ నంబరుతో అక్కడ వెతికితే ర్యామ్ అతికించినదో కాదో, ఏ బ్యాటరీయో, ఏ స్క్రీనో అన్నీ తేలిపోతాయి. దుకాణంలో నచ్చిన స్క్రీన్, నచ్చిన బ్యాటరీ కలిసి దొరకకపోతే, కంపెనీ వెబ్‌సైట్‌లో కావలసిన భాగాలు ఎంచుకుని ఆర్డరు పెట్టే పద్ధతి కొన్ని నమూనాలకు ఉంది. విద్యార్థులకు వేరే ధరలుండే పేజీలు కూడా పెద్ద కంపెనీలన్నిటికీ ఉన్నాయి, కళాశాల ఈమెయిల్‌తో ప్రయత్నించండి. ఆర్డరు పెట్టి చేయించుకునేది రావడానికి వారాలు పడుతుంది కాబట్టి తరగతులు మొదలయ్యే దాకా ఆగవద్దు. ల్యాప్‌టాప్‌ల మీద జీఎస్‌టీ 18 శాతం. బిల్లు వద్దంటే తగ్గిస్తామన్న మాటకు ఒప్పుకోవద్దు, వారంటీ వివాదం వస్తే చేతిలో ఉండే ఆధారం ఆ బిల్లే.

బడ్జెట్ మరీ తక్కువైతే, కంపెనీలు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్ యంత్రాలు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనూ మన ఊళ్లలోని కొన్ని దుకాణాల్లోనూ దొరుకుతాయి. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాతది తీసుకోవద్దు, ఎందుకంటే విండోస్ 11 దానికి అధికారికంగా ఎక్కదు, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కొనేముందు బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి) వెళ్లి చూడండి, పాస్‌వర్డ్ అడిగితే అక్కడే వదిలేయండి. విండోస్‌ను కొత్తగా ఎక్కించి మొదలుపెట్టినప్పుడు ఏదైనా కంపెనీ పేరుతో లాగిన్ అడిగితే ఆ యంత్రం ఇంకా ఆ కంపెనీ ఖాతాలోనే ఉన్నట్లు, దాన్ని ముట్టుకోవద్దు. కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అని కొట్టించి, వచ్చిన రిపోర్టులో డిజైన్ సామర్థ్యంతో ఇప్పటి పూర్తి చార్జ్ సామర్థ్యాన్ని పోల్చండి. 70 శాతం కంటే తక్కువుంటే కొత్త బ్యాటరీ ఖర్చును ధరలోంచి తగ్గించమనండి.

ఎంఎస్ కోసం విదేశాలకు వెళ్లేవారు ఇక్కడ కొనాలా, అక్కడ కొనాలా అని అడుగుతుంటారు. మన దగ్గర అమ్మే కీబోర్డు అమరిక అమెరికా అమరికే, చార్జర్ 100 నుంచి 240 వోల్టుల దాకా పని చేస్తుంది కాబట్టి ప్లగ్ ముక్క ఒక్కటి మారిస్తే చాలు. తేల్చవలసింది వారంటీ అక్కడ చెల్లుతుందా అన్నదే. మోడల్ నంబరుతో కంపెనీని అడిగి రాతలో తీసుకోండి. చెల్లదంటే అక్కడే కొనండి. తిరిగి వచ్చేటప్పుడు 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు.

చివరి మెట్టు: తెచ్చిన మొదటి వారం

సీరియల్ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ ఎప్పుడు మొదలైందో, ఎన్నేళ్లుందో చూడండి. దుకాణంలో కొన్నాళ్లు నిల్వ ఉన్న యంత్రానికి వారంటీ తేదీ ముందే మొదలై ఉండవచ్చు; బిల్లు చూపిస్తే దాన్ని సరిచేస్తారు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే ఎన్ని స్లాట్లు, ఎన్ని వాడుకలో ఉన్నాయి అనేది కనబడుతుంది, లేబుల్‌తో సరిపోల్చండి. స్క్రీన్ మొత్తం తెల్లగా, తరువాత నల్లగా పెట్టి చచ్చిన చుక్కలున్నాయేమో చూడండి. ప్రతి మీటా నొక్కి చూడండి. లోపం బయటపడితే మార్పిడి గడువు ముగిసేలోపే చెప్పాలి.

ఇక డేటా. బయటి హార్డ్‌డిస్కులో నకలు తీసి దాన్ని ల్యాప్‌టాప్ పక్కనే బీరువాలో పెట్టడం చాలామంది చేసే పని. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు ఇంట్లో ఉన్నవన్నీ కలిసే మునిగాయి. థీసిస్, డేటా, రిఫరెన్సులు ఒక నకలు ఇంట్లో, ఒక నకలు క్లౌడ్‌లో ఉండాలి. కళాశాల ఈమెయిల్‌తో వచ్చే డ్రైవ్ స్థలం చాలావరకు దీనికి సరిపోతుంది. విండోస్ 11లో డిస్కు ఎన్‌క్రిప్షన్ తనంతట తానే ఆన్ అయి ఉండవచ్చు. దాని రికవరీ కీ 48 అంకెలది. మదర్‌బోర్డు మార్చిన రోజున ఇంజినీరు ముందు యంత్రం ఆ అంకెలనే అడుగుతుంది, అవి లేకపోతే డిస్కులోని డేటాను కంపెనీ కూడా తీసి ఇవ్వలేదు. మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉందో లేదో ఈ వారంలోనే చూసి, ఒక ప్రింటు తీసి బిల్లుతో కలిపి పెట్టుకోండి.